డాక్టరు రాసిన నొప్పి మాత్ర ప్రాణం మీదికి ఎప్పుడొస్తుంది?

నొప్పి మాత్రల గురించి రెండు రకాల వార్తలు కనిపిస్తుంటాయి. ఒకదాంట్లో, జనాన్ని మాత్రలకు బానిసల్ని చేశాయంటూ మందుల కంపెనీల మీద కేసులు, వందల కోట్ల డాలర్ల పరిహారాలు. రెండోదాంట్లో, క్యాన్సర్ ముదిరి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నా మార్ఫిన్ దొరకని రోగులు. మొదటిది చదివితే ఈ మందుల్ని నిషేధిస్తే పోతుంది కదా అనిపిస్తుంది. రెండోది చదివితే అడిగినవాళ్లకల్లా ఇవ్వాలి కదా అనిపిస్తుంది. రెండు వార్తలూ నిజమే, రెండూ ఒకే జాతి మందుల గురించే. ఈ చిక్కు విడదీయాలంటే ఆ మాత్ర ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

## అన్ని నొప్పి మాత్రలూ ఒకటి కావు

పారాసిటమాల్ ఒక రకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి వాపు తగ్గించే మాత్రలు ఇంకో రకం. వీటికి మత్తు ఉండదు. అలాగని ఎలా మింగినా ఫర్వాలేదని కాదు. పెద్దవాళ్లకు పారాసిటమాల్ గరిష్ఠ పరిమితి రోజుకు 4 గ్రాములు. అది బాగా దాటితే కాలేయం దెబ్బతింటుంది. జలుబు మాత్రలో ఒకసారి, జ్వరం మాత్రలో ఇంకోసారి అదే మందు పడుతోందని గమనించకపోవడం వల్లే చాలామంది ఆ గీత దాటుతారు. వాపు తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, కిడ్నీ సమస్యలు రావచ్చు. తలనొప్పికని నెలలో 15 రోజులో అంతకంటే ఎక్కువో మామూలు నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే, కొన్నాళ్లకు ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి.

మూడో రకం ఓపియాయిడ్లు. నల్లమందు నుంచి నేరుగా తీసే మార్ఫిన్, కొడీన్, వాటి బంధువుల్ని మార్చి తయారుచేసిన ఆక్సికొడోన్, హైడ్రొకొడోన్, పూర్తిగా ల్యాబ్‌లో పుట్టిన ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్ అన్నీ ఈ కుటుంబమే. ప్రజారోగ్య సంక్షోభం అని పేపర్లు రాసేది ప్రధానంగా వీటి గురించే.

ఓపియాయిడ్లు ప్రధానంగా దెబ్బ తగిలిన చోట కాదు, మెదడులో, వెన్నుపాములో పనిచేస్తాయి. అక్కడి కణాల మీదుండే మ్యూ రిసెప్టర్లు అనే గ్రాహకాలకు అతుక్కుని నొప్పి సంకేతాన్ని అణుస్తాయి. "నొప్పి ఉంది గానీ పట్టించుకోవాలనిపించడం లేదు" అని రోగులు చెప్పేది అందుకే. అయితే అవే రిసెప్టర్లు మెదడులో హాయి కలిగించే చోట ఉన్నాయి, ఊపిరిని నడిపించే చోట ఉన్నాయి, పేగుల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఉపశమనం, హాయి, మందగించే ఊపిరి, మలబద్ధకం అన్నీ ఒకే ప్యాకేజీగా వస్తాయి. మొదటిది మాత్రం ఇచ్చి మిగతా మూడింటినీ వదిలేసే ఓపియాయిడ్ కోసం వందేళ్లకు పైగా వెతుకుతున్నారు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను మందుగా అమ్మినప్పుడు అది మార్ఫిన్ కంటే సురక్షితం అనే ప్రచారం జరిగింది. ఆ తర్వాత కథ తెలిసిందే.

## దుర్వినియోగం, అలవాటు, వ్యసనం: మూడూ వేరు

ఈ విషయంలో చర్చలు పక్కదారి పట్టేది ఇక్కడే.

దుర్వినియోగం అంటే మందును రాసిచ్చిన పద్ధతిలో కాకుండా వాడటం. రాసినదానికంటే ఎక్కువ వేసుకోవడం, నొప్పికి కాకుండా నిద్రకో టెన్షన్‌కో మత్తుకో వేసుకోవడం, పొడి చేసి పీల్చడం, ఇంకొకరి మాత్ర వాడటం. ఆపరేషన్ తర్వాత తండ్రికి ఇచ్చిన మాత్రల్లో ఒకటి నడుం పట్టేసిందని కొడుకు వేసుకున్నా లెక్కప్రకారం అది దుర్వినియోగమే. అతన్ని వ్యసనపరుడని ఎవరూ అనరు.

టాలరెన్స్ అంటే మొదట ఒక మాత్రతో తగ్గిన నొప్పికి కొన్నాళ్ల తర్వాత రెండు కావలసి రావడం. డిపెండెన్స్ అంటే ఒళ్లు మందుకు అలవాటు పడిపోవడం. అలాంటి మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. కొన్ని వారాలు వరసగా వాడిన ఎవరికైనా ఇది రావచ్చు. మనోబలానికీ దీనికీ సంబంధం లేదు.

వ్యసనం ఇంకో విషయం. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపుకోలేకపోవడం, రోజంతా ఆలోచన మందు చుట్టూనే తిరగడం దాని లక్షణాలు. ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకామె క్యాన్సర్ నొప్పికి ఆర్నెల్లుగా మార్ఫిన్ వేసుకుంటోంది. డోసు పెరిగింది, ఆపితే విత్‌డ్రాయల్ వస్తుంది. అయినా మందు వల్లే లేచి నడుస్తోంది, మనవడితో ఆడుకుంటోంది. ఇంకొకాయన మోకాలి ఆపరేషన్ మానిపోయి మూడు నెలలైంది, నొప్పి లేదు. అయినా ముగ్గురు డాక్టర్ల దగ్గర విడివిడిగా చీటీలు రాయించుకుంటున్నాడు, ఉద్యోగం పోయేలా ఉన్నా మానలేకపోతున్నాడు. ఇద్దరిలోనూ టాలరెన్స్ ఉంది, డిపెండెన్స్ ఉంది. వ్యసనం రెండో ఆయనకే. మానసిక వైద్యులు జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో ఈ జబ్బుకు 11 లక్షణాలు రాశారు. ఒక ఏడాదిలో రెండు కనిపిస్తే నిర్ధారణ చేయవచ్చు. కానీ డాక్టరు చెప్పినట్టే వాడుతున్న రోగిలో టాలరెన్స్‌నీ విత్‌డ్రాయల్‌నీ లెక్కలోకి తీసుకోకూడదని అందులోనే ఉంది. ఆ ఒక్క మినహాయింపును పట్టించుకోని చోట క్యాన్సర్ రోగిని కూడా అనుమానంగా చూస్తారు.

## డోసునూ రోజులనూ ఎలా లెక్కేస్తారు

ఓపియాయిడ్లన్నిటికీ బలం ఒకటి కాదు. అందుకే వాటిని మార్ఫిన్‌తో పోల్చి ఒకే కొలతలోకి తెస్తారు. ట్రమడాల్‌కు 0.2, హైడ్రొకొడోన్‌కు 1, ఆక్సికొడోన్‌కు 1.5 అని గుణకాలు ఉన్నాయి. ట్రమడాల్ 50 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు అంటే 150, దాన్ని 0.2తో గుణిస్తే 30 మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో సమానం. ఆక్సికొడోన్ 20 మిల్లీగ్రాములు రెండుసార్లు అంటే 40, దాన్ని 1.5తో గుణిస్తే 60. చీటీ మీద అంకె చిన్నదిగా కనిపించినా రెండోదాని బలం రెట్టింపు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, 50 దగ్గరకు వస్తే డాక్టర్లు ఆగి ఆలోచించాలంటుంది. ఇది ప్రమాదం అంచనా వేయడానికే గానీ ఒక మందు నుంచి ఇంకో మందుకు మారడానికి వాడే లెక్క కాదు.

ఎన్నాళ్లు వాడారన్నదీ ముఖ్యమే. క్యాన్సర్ లేని, అంతకుముందు ఓపియాయిడ్ వాడని అమెరికన్ల రికార్డులను 2017లో సీడీసీ పరిశీలించింది. కనీసం ఒక రోజుకైనా మందు తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాతా వాడుతున్నవాళ్లు 6 శాతం. మొదటి విడతే 8 రోజులు, ఆపైన అయితే 13.5 శాతం. 31 రోజులు, ఆపైన అయితే 29.9 శాతం. ఈ అంకెల్ని వ్యసనం అంకెలుగా చదవకూడదు. నొప్పి ఎక్కువ కాలం ఉండే జబ్బున్నవాళ్లకే మొదటి చీటీ పెద్దదిగా రాసి ఉండవచ్చు. కాకపోతే ఆ శాతాలు ఎంత తొందరగా పైకి లేస్తున్నాయో చూశాక చాలామంది డాక్టర్లు మొదటి చీటీని చిన్నది చేశారు.

చీటీ చిన్నదైతే ఇంకో లాభం ఉంది. ఒక ఆపరేషన్‌కు 30 మాత్రలిచ్చారు, రోగి 8 వాడాడు అనుకుందాం. 22 సొరుగులో ఉండిపోతాయి. అలాంటివాళ్లు వెయ్యిమంది ఉంటే 22,000 మాత్రలు ఇళ్లలో ఉన్నట్టు. అమెరికా సర్వేల్లో ఈ మాత్రల్ని దుర్వినియోగం చేసినవాళ్లలో సుమారు సగం మంది అవి తమకు బంధువుల నుంచో స్నేహితుల నుంచో వచ్చాయన్నారు. సందుల్లో అమ్మే డీలర్ కంటే ఇంట్లోని సొరుగే పెద్ద సరఫరాదారు.

## ఊపిరి ఎలా ఆగుతుంది

మనం నిద్రపోతున్నా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు గుర్తించి ఊపిరి తీయిస్తుంది. ఓపియాయిడ్ ఆ గుర్తింపును మొద్దుబారుస్తుంది. మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతుంది, గొంతులో గురగురమంటూ గురకలాంటి శబ్దం వస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, పెదవులు నీలం తిరుగుతాయి. పక్కగదిలో ఉన్నవాళ్లు గాఢనిద్ర అనుకుని లేపకుండా వదిలేసిన కేసులు ఎన్నో.

మద్యంతోనో, నిద్రకు వాడే బెంజోడయాజపీన్లతోనో కలిస్తే ఇది ఇంకా తక్కువ డోసుకే జరుగుతుంది. మరో ప్రమాదం మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు. హాయికి ఒళ్లు అలవాటు పడినంత వేగంగా ఊపిరి వ్యవస్థ అలవాటు పడదు, పైగా మానేస్తే ఉన్న టాలరెన్స్ కూడా కొద్ది రోజుల్లో పోతుంది. పాత డోసే ఇప్పుడు ప్రాణాంతకం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోసుతో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లని 2007లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

విరుగుడు ఉంది. నాలోక్సోన్ ఆ రిసెప్టర్ల నుంచి ఓపియాయిడ్‌ను నెట్టేసి నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. దాని ప్రభావం సుమారు 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి, ఒంట్లోని మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటే ఊపిరి మళ్లీ మందగించవచ్చు. మనిషి లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లమనేది అందుకే. 2023లో అమెరికా దీని ముక్కు స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది.

## అయిదు వాక్యాల లేఖ నుంచి సంక్షోభం దాకా

1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ అనే ఇద్దరు అయిదు వాక్యాల లేఖ రాశారు. ఆస్పత్రిలో చేరి మత్తు జాతి నొప్పి మందు ఒక్కసారైనా తీసుకున్న 11,882 మందిలో వ్యసనం నమోదైంది నలుగురికే అన్నది సారాంశం. అది ఆస్పత్రిలో, నర్సుల కళ్లముందు ఇచ్చిన మందు గురించి. ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి వాడే మాత్రల గురించి ఆ లేఖలో ఏమీ లేదు. ఆ లేఖను ఉదహరించిన 608 వ్యాసాల్ని 2017లో వెతికి చూస్తే, 72 శాతం దాన్ని వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. అది ఆస్పత్రి రోగుల లెక్క అని 80 శాతానికి పైగా చెప్పనేలేదు.

అప్పటి డాక్టర్ల భావన పూర్తిగా తప్పని కూడా అనలేం. నొప్పిని నిజంగానే చిన్నచూపు చూసేవాళ్లు. నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు, ఊపిరి లాగే నొప్పినీ ప్రతి రోగిలో కొలవాలన్న ఉద్యమం 1990ల్లో అమెరికాలో ఊపందుకుంది. సరిగ్గా ఆ సమయంలో, 1996లో, పర్డ్యూ ఫార్మా అనే మందుల కంపెనీ ఆక్సికాంటిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆక్సికొడోన్ 12 గంటలపాటు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర అది. నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి దుర్వినియోగం తక్కువ ఉంటుందని నమ్ముతున్నట్టు లేబుల్ మీదే రాశారు. మాత్రను నలిపితే మొత్తం మందు ఒక్కసారే బయటికొస్తుందని వాడేవాళ్లు త్వరలోనే కనిపెట్టారు. వ్యసన ప్రమాదం గురించి తప్పుదోవ పట్టించినందుకు కంపెనీ 2007లో నేరం ఒప్పుకుంది. 2020లో మరోసారి ఫెడరల్ నేరాలు ఒప్పుకుంది.

2012 నాటికి అమెరికాలో ప్రతి 100 మందికి 81.3 ఓపియాయిడ్ చీటీలు.

## చీటీలు తగ్గాయి, మరణాలు పెరిగాయి

2010లో ఆక్సికాంటిన్‌ను నలగని రూపంలోకి మార్చారు. విచ్చలవిడిగా చీటీలు రాసే క్లినిక్కులపై అధికారుల దాడులు జరిగాయి, చీటీల మీద నిఘా పెరిగింది. 2020 నాటికి 100 మందికి చీటీలు 43.3కి పడిపోయాయి. ఇదే కాలంలో ఓపియాయిడ్ మరణాలు 2012లో సుమారు 23 వేలు, 2021లో 80,411.

మాత్రలు దొరకనంత మాత్రాన అలవాటు పడ్డ ఒళ్లు ఊరుకోదు. కొందరు హెరాయిన్ వైపు వెళ్లారు. ఆక్సికాంటిన్ దుర్వినియోగం అంతకుముందు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనే మాత్ర రూపం మారాక హెరాయిన్ మరణాలు ఎక్కువ పెరిగాయని ఆర్థికవేత్తల అధ్యయనాలు చూపించాయి. 2013 తర్వాత అక్రమంగా తయారైన ఫెంటనిల్ వచ్చింది. అది మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. అసలు మాత్రల్లాగే రంగు, అచ్చు వేసి దాన్ని అమ్మారు. ఫార్మసీ మాత్రలో అయితే ఎంత మందుందో తెలుస్తుంది, వీటిలో అదీ తెలియదు.

దీన్నిబట్టి చీటీలు తగ్గించడమే తప్పంటారు కొందరు. నాకు అది సగం నిజంగా తోస్తుంది. కొత్తవాళ్లకు పెద్ద చీటీలు రాయకపోవడం ఒక పని. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు ఒక్కసారిగా ఆపేయడం ఇంకో పని. రెండింటినీ ఒకే లెక్కలో వేయడంతో నష్టం జరిగింది. 2016లో సీడీసీ 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన డోసును దాటకుండా చూడమని సలహా ఇచ్చింది. బీమా కంపెనీలు, రాష్ట్రాలు, భయపడ్డ డాక్టర్లు దాన్ని చట్టంలా అమలు చేశారు. ఏళ్లుగా స్థిరంగా ఉన్న రోగుల డోసును కోసేశారు. అమెరికా మాజీ సైనికుల రికార్డులపై 2020లో వచ్చిన అధ్యయనంలో, మందు ఆపినవాళ్లలో ఓవర్‌డోసు, ఆత్మహత్య మరణాల ప్రమాదం పెరిగినట్టు కనిపించింది. ఎక్కువ కాలం వాడినవాళ్లలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. 2022లో సీడీసీ తన మార్గదర్శకాలను సవరించి, అంకెను గట్టి హద్దుగా పెట్టడం మానేసింది.

## సరఫరా కారణమా, బతుకులోని నిరాశ కారణమా?

ఒక వాదన ప్రకారం మూలం సమాజంలో ఉంది. ఫ్యాక్టరీలు మూతపడి, ఊళ్లు ఖాళీ అయి, చదువు తక్కువున్న మధ్యవయసు తెల్లజాతి అమెరికన్లలో మరణాలు పెరుగుతున్నాయని 2015లో ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్ చూపించారు. మాత్రలు, మద్యం, ఆత్మహత్యలు మూడూ ఒకే బాధకు రూపాలన్నది వాళ్ల వాదన.

రెండో వాదన, మాత్రలు వచ్చిపడకపోతే ఇది జరిగేది కాదని. దీనికి ఒక చక్కటి సహజ ప్రయోగం ఉంది. కాలిఫోర్నియా, ఐడహో, ఇల్లినాయ్, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాల్లో 1996 నాటికి ఇలాంటి మందుల చీటీని మూడు ప్రతుల్లో రాసి, ఒకటి ప్రభుత్వానికి పంపే నిబంధన ఉండేది. ఆ తలనొప్పి వల్ల పర్డ్యూ కంపెనీ అక్కడ ఆక్సికాంటిన్ ప్రచారం తక్కువ చేసింది. తర్వాతి ఇరవై ఏళ్లలో ఓవర్‌డోసు మరణాలు ఆ అయిదు రాష్ట్రాల్లో మిగతాచోట్ల కంటే నెమ్మదిగా పెరిగాయి. నిరాశ ఆ రాష్ట్రాల్లోనూ ఉంది, మాత్రల వెల్లువ మాత్రం అంతగా రాలేదు. మొదటి దశకు సరఫరానే పెద్ద కారణమనే సాక్ష్యం గట్టిదని నా అంచనా. ఒకసారి చిక్కుకున్నాక ఎవరు బయటపడలేకపోయారన్న ప్రశ్నకు కేస్, డీటన్‌ల వాదన ఎక్కువ పనికొస్తుంది.

## అసలు దీర్ఘకాలం పనిచేస్తాయా?

ఆపరేషన్, ప్రమాదం, క్యాన్సర్ నొప్పుల్లో ఓపియాయిడ్ల విలువపై తగాదా లేదు. నడుం నొప్పి, కీళ్ల అరుగుదల లాంటి ఏళ్ల తరబడి ఉండే నొప్పుల దగ్గరే లెక్క తేడా వస్తుంది. 2018లో 240 మంది రోగులపై ఏడాదిపాటు జరిగిన ఒక ట్రయల్‌లో, రోజువారీ పనులు చేసుకోగలగడంలో ఓపియాయిడ్ గ్రూపుకూ మిగతా మందుల గ్రూపుకూ తేడా లేదు. నొప్పి తీవ్రత అయితే మిగతా మందులు వాడినవాళ్లలోనే కాస్త తక్కువ. 2023లో ఆస్ట్రేలియాలో కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పులపై పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కంటే ఓపియాయిడ్ మెరుగ్గా పనిచేయలేదు. ఇవి సగటు ఫలితాలు. వేరే ఏదీ పనిచేయక, వీటితోనే బతుకు సాగిస్తున్న రోగులు ఉన్నారన్న వాదనను ట్రయళ్లు కొట్టిపారేయలేవు.

## ఒక మందుకు బదులు ఇంకో మందా?

వ్యసనానికి మెథడోన్, బుప్రెనార్ఫిన్ చికిత్సలు. ఇవీ ఓపియాయిడ్లే. నెమ్మదిగా, నిలకడగా పనిచేసి విత్‌డ్రాయల్‌నీ కోరికనీ ఆపుతాయి. ఒక మత్తు మానిపించి ఇంకోటి అంటగట్టడమే కదా అని కుటుంబాలు, కొందరు డాక్టర్లు కూడా అంటారు. ఎంతకాలం వాడాలన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే అంకెలు చూడాలి. 2017లో పలు అధ్యయనాల్ని కలిపి చూస్తే, వెయ్యిమందిని ఏడాదిపాటు గమనించిన లెక్కన మెథడోన్‌లో ఉన్నప్పుడు మరణాలు 11.3, అది మానేశాక 36.1. బుప్రెనార్ఫిన్‌కు 4.3, 9.5. ఫ్రాన్స్ 1995 తర్వాత మామూలు డాక్టర్లు కూడా బుప్రెనార్ఫిన్ రాసేలా తలుపులు తెరిచింది. నాలుగేళ్లలో అక్కడ హెరాయిన్ ఓవర్‌డోసు మరణాలు దాదాపు 80 శాతం తగ్గాయి.

## మార్ఫిన్ లేని ప్రపంచం, ట్రమడాల్ చిక్కుముడి

ఇక మొదట చెప్పిన రెండో వార్త. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కల ప్రకారం ప్రపంచమంతా ఏడాదికి పంపిణీ అయ్యే ఓపియాయిడ్లు మార్ఫిన్ కొలతలో 298.5 టన్నులు. అందులో బాగా పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. నోటితో వేసుకునే మార్ఫిన్ పేటెంట్ లేని చవక మందు. అడ్డు ధర కాదు. లైసెన్సులు, జైలు భయం, శిక్షణ లేని డాక్టర్లు, ఎక్కడో జరిగిన సంక్షోభం చూసి వేసుకున్న బిగింపులు కలిసి దాన్ని రోగికి దూరం చేస్తాయి.

ఈ ఖాళీలోకి ట్రమడాల్ వచ్చింది. బలం తక్కువ, అంతర్జాతీయ నియంత్రణ లేదు కాబట్టి మార్ఫిన్ దొరకని చోట్ల చాలాసార్లు అదే దిక్కు. అదే కారణంతో పశ్చిమ ఆఫ్రికాలో, ఈజిప్టులో అలసట తెలియకుండా పనిచేయడానికీ మత్తుకూ వాడుక పెరిగింది. ఎక్కువ డోసులో అది ఫిట్స్ తెప్పించవచ్చు. అందరిలోనూ ఒకేలా పనిచేయదు కూడా. దాన్ని బలమైన రూపంలోకి మార్చే కాలేయ ఎంజైము కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా ఉంటుంది. పెద్ద ఉత్పత్తిదారు అయిన భారత్ 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఆ తర్వాత టాపెంటడాల్‌ను, కండరాలు వదులుచేసే కారిసోప్రొడాల్ మందుతో కలిపిన మాత్రలు ఆఫ్రికా మార్కెట్లలో తేలాయి. 2025లో ఆ మిశ్రమం ఎగుమతికి ఇచ్చిన అనుమతుల్ని కూడా భారత్ వెనక్కి తీసుకుంది. ట్రమడాల్‌ను అంతర్జాతీయ నియంత్రణలో పెట్టమన్న ఒత్తిడి చాలాకాలంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ దాన్ని పలుమార్లు పరిశీలించింది. దుర్వినియోగం నిజమేనని ఒప్పుకుంటూనే 2018లో కూడా దాన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చొద్దనే చెప్పింది. వేరే ఏ మందూ చేరని చోట్ల ఉన్న ఆ ఒక్కటీ రోగులకు అందకుండా పోతుందేమో అన్నది ఆ నిర్ణయం వెనకున్న ప్రధాన ఆందోళన.